ఖైరాతు సీటు

నీట్ ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ లిస్టు వచ్చేదాకా పలాస, టెక్కలి వైపు సాయిబుల ఇళ్ళలో ఒక మాట వినబడుతూ ఉంటుంది. టీకొట్టు దగ్గరో, జీడిపిక్కల ఫ్యాక్టరీ గేటు దగ్గరో ఎవరో ఒకరు అంటారు. “మీకేటి సాయిబూ, మీకు రిజర్వేషనున్నాది గదా. మీ పిల్లకి సీటొచ్చీసినట్టే.” అనేవాడు చెడ్డవాడు కాదు. చాలాసార్లు మన మేలు కోరేవాడే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా వైపు కొబ్బరిచెట్లనీ జీడితోటల్నీ ఊడబెరికినప్పుడు మన ఇంటి రేకులు ఏరుకొచ్చి ఇచ్చినవాడే. కానీ ఆ మాట లోపల ఒక లెక్క ఉంది. సీటనేది మొదట్నుంచీ ఇంకెవరిదో. వాళ్ళ పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి మనకి పెట్టారు. దానికి మా ఇళ్ళలో ఒక పేరుంది. ఖైరాతు.

దీనికి మనవాళ్ళు కొందరు కోప్పడతారు. కొందరు తల దించుకుంటారు. కోప్పడితే ప్రశ్న అక్కడే ఉండిపోతుంది, తల దించుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది. అసలు మెడికల్ సీటు ఎవరి సొత్తు? మార్కులొచ్చినవాడిదా, కులానిదా, మతానిదా, లక్షలు కట్టినవాడిదా? ఉద్దానంలో నిలబడి అడిగితే ఈ ప్రశ్న కొంచెం వేరేగా వినబడుతుందని నాకనిపిస్తుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

మా అక్క కూతురు ఇప్పుడు ఆ లిస్టు కోసమే కూచునుంది. బావది కాశీబుగ్గలో మోటారుసైకిళ్ళు బాగుచేసే చిన్న షెడ్డు. అక్క మిషను కుడుతుంది. ఇంటరయ్యాక పిల్లని ఒక ఏడాది బెజవాడలో లాంగ్‌టర్మ్ కోచింగులో పెట్టారు. పలాసలో రాత్రి రైలెక్కి పొద్దున్నే దింపి, ఆ సాయంత్రం రైలుకే బావ తిరిగొచ్చేవాడు, మర్నాడు షెడ్డు మూసెయ్యకూడదని. ఆ ఫీజుకి అక్క మెళ్ళో గొలుసు పోయింది. పరీక్షయింది. 720కి ఎన్నొచ్చాయో తెలుసు. దేశం మొత్తంలో ర్యాంకు ఎంతో తెలుసు. ఆ ర్యాంకుకి పిలుపొస్తుందా రాదా అన్నది మాత్రం తెలియదు.

పిలుపు రావాల్సింది విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ నుంచి. 1986లో పెట్టిన యూనివర్సిటీ అది. 2022లో ఎన్టీఆర్ పేరు తీసేసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. పేరేదైనా లిస్టు మాత్రం వేళాపాళా లేకుండానే వస్తుంది. ముందు మెరిట్ లిస్టు. తర్వాత ఏ కాలేజీ కావాలో వరసగా పెట్టుకోమంటారు. తర్వాత కేటాయింపు. అది ఒక విడతతో అయిపోదు. పై ర్యాంకువాడు ఢిల్లీకో పాండిచ్చేరికో పోతే ఇక్కడ సీటు ఖాళీ అవుతుంది, లిస్టు ఒక మెట్టు కిందికి దిగుతుంది. వాడెవడో మనకి తెలియదు, వాడు వెళ్ళిపోవాలని ఇక్కడ దువా. ఇలా నెలలకి నెలలు. ఇంట్లో పెళ్ళి మాటలు ఆగిపోతాయి. చుట్టాలింటికి వెళ్ళడం మానేస్తారు. ఫోను మోగితే ముగ్గురూ చూస్తారు.

దీన్ని మా ఇళ్ళలో సబర్ అంటారు. మంచి మాటే. కానీ సబర్ చేయమని ఎప్పుడూ ఎవరికి చెబుతారో గమనించండి. కోడలికి చెబుతారు, అప్పులున్నవాడికి చెబుతారు, మంచం పట్టినవాడికి చెబుతారు. బెజవాడలో బి కేటగిరీ సీటుకి బేరమాడుకుని వచ్చినవాడికి ఎవరూ సబర్ గురించి చెప్పరు. వాడికా అవసరమే రాదు.

ఇంగ్లండులోనూ అమెరికాలోనూ డాక్టరు చదువుకి అప్లికేషన్ పెట్టినవాళ్ళు ఇంటర్వ్యూ ఉత్తరం కోసం ఎదురుచూస్తారు. అక్కడ మార్కులు చూశాక మనిషిని కూడా చూస్తారు. ఎందుకు డాక్టరవుదామనుకుంటున్నావని అడుగుతారు. వినడానికి బాగానే ఉంటుంది. ఇక్కడా ఒకప్పుడు అది ఉండేది. తమిళనాడులో మెడికల్ సీట్లకి ఇంటర్వ్యూలో మార్కులు ఇష్టమొచ్చినట్టు వేశారన్న గొడవ 1970లో సుప్రీంకోర్టు దాకా పోయింది. శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ మీద 1980లో వచ్చిన తీర్పులో మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూకి నూటికి పదిహేను దాటకూడదన్నారు. నలుగురు పెద్దమనుషులు అయిదు నిమిషాలు ఒక కుర్రాణ్ణి చూసి ఏం తేలుస్తారు? వాడి చొక్కా చూస్తారు, భాష చూస్తారు, తండ్రి పేరు అడుగుతారు. తండ్రి పేరు చెబితే మా సంగతి తెలిసిపోతుంది.

అందుకే రాతపరీక్ష అంటే మాకు ఇష్టం. మిషనుకి టోపీ కనపడదు, గడ్డం కనపడదు. సాయిబు పిల్ల దిద్దిన సున్నాకీ, సావుకారి పిల్ల దిద్దిన సున్నాకీ తేడా తెలియదు. ఇది చిన్న విషయం కాదు. ఈ దేశంలో పేరు విని ఇల్లు అద్దెకివ్వనివాళ్ళు ఉన్న చోట, పేరు చూడని ఒక కాగితం ఉండటం మాకు పెద్ద ధైర్యం.

అయితే మిషను గుడ్డిదే గానీ గేటు గుడ్డిది కాదు. 2015లో మెడికల్ ప్రవేశ పరీక్షకి తలగుడ్డ కట్టుకుని రానివ్వండని ముస్లిం ఆడపిల్లల తరఫున సుప్రీంకోర్టుకి వెళ్తే, ఒక్కరోజు గుడ్డ లేకపోతే విశ్వాసం ఎక్కడికీ పోదులెమ్మని తిప్పి పంపారు. ఆ తర్వాత మతం చెప్పిన బట్టలతో వచ్చేవాళ్ళు ముందుగా వచ్చి తనిఖీ చేయించుకోవచ్చని నిబంధన పెట్టారు. మా పిల్లా అలాగే వెళ్ళింది. అందరికన్నా ముందెళ్ళి అందరికన్నా ఎక్కువసేపు ఎండలో నిలబడింది. మిషను దగ్గరికి చేరేలోపు మనిషి ఎవరో అందరికీ తెలిసిపోయింది.

గేటు కన్నా ముందు ఇంకో గేటుంది. సీట్లలో నూటికి 85 స్థానికులకని 1974 రాష్ట్రపతి ఉత్తర్వు. ఆ ఉత్తర్వులో మా స్థానికత ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. అది ఇచ్ఛాపురంలో మొదలై ప్రకాశం జిల్లా దాకా పోతుంది. అంటే కవిటిలో కొబ్బరికాయలు దింపేవాడి కొడుకూ, గుంటూరులో ఆరో తరగతి నుంచే నీట్ కోసం తయారైన పిల్లాడూ ఒకే ఊరివాళ్ళ కింద లెక్క. కోచింగంతా అటువైపే ఉంది. మా వైపు నుంచి వెళ్ళాలంటే రైలుంది, ఫీజుంది, హాస్టలుంది, గొలుసుంది. ఇదంతా అయ్యాక వచ్చిన మార్కుని పట్టుకుని అది ఉత్త ప్రతిభ అంటారు. ప్రతిభ లేదనను. మా పిల్ల కష్టం నేను చూశాను. కానీ ఆ మార్కులో గొలుసు వాటా ఎంతో, బుర్ర వాటా ఎంతో విడదీసి చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఇక అప్లికేషనులో కులం గడి. ముస్లిం అని రాస్తే సరిపోదు. నువ్వు ఏ ముస్లింవో చెప్పాలి. 2007 చట్టం ప్రకారం పద్నాలుగు సమూహాలు బీసీ-ఇ కిందికి వస్తాయి. షేక్‌లున్నారు, ఫకీర్లున్నారు, అత్తరు సాయిబులున్నారు, గారడీ వాళ్ళున్నారు, ఖురేషీలున్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ లేరు. దూదేకులవాళ్ళు అంతకు చాలా ముందే బీసీ-బిలో ఉన్నారు. మా అక్కావాళ్ళు షేకులు. వాళ్ళ పక్కింటివాళ్ళు సయ్యదులు. ఆయనా బళ్ళే బాగుచేస్తాడు. ఇద్దరి చేతులకీ ఒకటే గ్రీజు. ఒకరికి సర్టిఫికెట్టు, ఒకరికి లేదు.

ఆ సర్టిఫికెట్టు కోసం వెళ్ళినప్పుడు ఒక ఆఫీసులో గుమాస్తా నవ్వి, “సాయిబుల్లో కులాలేటి బావూ” అన్నాడు. శ్రీకాకుళం జిల్లాలో మేం నూటికి ఒక్కరం కూడా లేము. గుమాస్తాకి మేమందరం ఒకటే రకం. తప్పు ఆయనది మాత్రమే కాదు. మనమూ అదే చెప్పుకుంటాం. నమాజులో భుజం భుజం కలిపి నిలబడతాం, ఇస్లాంలో కులం లేదంటాం. నమాజు సఫ్‌లో అది నిజం. పెళ్ళిసంబంధం దగ్గర మాత్రం సయ్యదు సయ్యదునే వెతుక్కుంటాడు, దూదేకులవాణ్ణి తనతో సమానంగా చూడడు. ముస్లింలు బీదవాళ్ళనీ, వాళ్ళలోనూ మెట్లున్నాయనీ చెప్పుకోవడానికి మనకి చాలా కాలం పట్టింది. మన గొప్పని కాపాడుకోవడానికి మన బీదతనాన్ని దాచుకున్నాం. ఆఫీసులో కులం పేరు చెప్పేటప్పుడు గొంతు ఎందుకు తగ్గుతుందో అదొక కారణం.

ఇప్పుడు ఖైరాతు సంగతికొద్దాం. ఈ దేశంలో రిజర్వేషన్ల చట్టం చాలావరకు మెడికల్ కాలేజీ గుమ్మంలోనే పుట్టింది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. విశాఖపట్నంలో 1923లో పెట్టిన ఆంధ్రా మెడికల్ కాలేజీకి కూడా మద్రాసు కమ్యూనల్ జీవోనే వర్తించేది. ఆ జీవో లెక్క ఇది: ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి ఆరు, వెనకబడిన హిందువులకి రెండు, బ్రాహ్మణులకి రెండు, హరిజనులకి రెండు, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి ఒకటి, ముస్లింలకి ఒకటి. దాని మీద చంపకం దొరైరాజన్ అనే ఆమె కోర్టుకెళ్ళారు, మెడికల్ సీటు గురించే. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. ఆమె అసలు కాలేజీకి అప్లికేషనే పెట్టలేదని ఆ తీర్పులోనే ఉంది. అంటే పోగొట్టుకున్న సీటు లేదు, అడిగిన సీటు కూడా లేదు. అయినా ఆ సీటు తనది కావచ్చునన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం బలం చూడండి.

వెంటనే జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, వెనకబడిన తరగతులకీ ఎస్సీ ఎస్టీలకీ దారి వేశారు. అది న్యాయమే. కానీ పద్నాలుగులో ఆ ఒక్కటి ఎటుపోయిందో ఎవరూ అడగలేదు. దేశం విడిపోయి నాలుగేళ్ళు కాలేదు. సీటు అడిగే నోరు మాకెక్కడిది? ఆంధ్రప్రదేశ్ తయారుచేసిన బీసీ జాబితాని మెడికల్ సీట్ల కేసులోనే 1968లో కొట్టేశారు. అనంతరామన్ కమిషన్ కొత్త జాబితాని 1972లో మళ్ళీ మెడికల్ సీట్ల కేసులోనే ఒప్పుకున్నారు. అందులో దూదేకులవాళ్ళకి చోటు దొరికింది. మిగతా ముస్లిం బీదలకి ఇంకో మూడున్నర దశాబ్దాలు పట్టింది.

2004 జులైలో 5 శాతం ఇస్తూ జీవో 33 వచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు. నవంబరులో కొట్టేశారు. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత 2007లో 4 శాతానికి చట్టం చేశారు. 2010 ఫిబ్రవరి 8న ఏడుగురు జడ్జీల ధర్మాసనం అదీ కొట్టేసింది. ఆ మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, పద్నాలుగు సమూహాలకీ కొనసాగించమంది, కేసుని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ తర్వాత పదేళ్ళు దాటిపోయినా తుది తీర్పు రాలేదు. ఆ మధ్యంతర ఉత్తర్వు మీద చదువుకుని, హౌస్ సర్జన్సీ చేసి, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కన్న డాక్టర్లు ఇవాళ ఈ రాష్ట్రంలో ఉన్నారు. పిల్ల లిస్టు కోసం కూచుంది. ఆ లిస్టులో పిల్ల కూచున్న గడి కోర్టులో కూచుంది. ఖైరాతు ఇచ్చినవాడెవడూ ఇన్నిసార్లు చెయ్యి వెనక్కి లాక్కోడు.

ఇంకో మాట. 2019లో రాజ్యాంగం సవరించి, ఏ రిజర్వేషనూ లేని పేదలకి 10 శాతం ఇచ్చారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. మంచిదే. మా పక్కింటి సయ్యదుల అబ్బాయికి కూడా ఆ గడిలో చోటుంది. మొన్న ఆ మాటే టీకొట్టు దగ్గర చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఈడబ్ల్యూఎస్‌లో సీటొచ్చినవాణ్ణి పట్టుకుని ‘నీకేటి, వచ్చీసినట్టే’ అనడం నేనింతవరకూ వినలేదు. నూటికి పదిలో కనపడని ఖైరాతు నూటికి నాలుగులో ఎందుకు కనబడుతోంది?

మా వైపు లోపాలూ చెప్పాలి. ఆ నాలుగు శాతంలో ఉద్దానం సాయిబుకి వచ్చేదెంత? గుంటూరు, బెజవాడల్లో వ్యాపారాలున్న షేకుల పిల్లలు అదే గడిలో పోటీకొస్తారు. సంపన్న శ్రేణిని తీసెయ్యమని ఉత్తర్వులోనే ఉంది. కానీ కొట్టు లెక్కలు కాగితం మీద ఎలా చిన్నవవుతాయో మనకి తెలియనిది కాదు. మనవాళ్ళ దగ్గర ఈ మాటెత్తితే ఇంటి గుట్టు బయట పెడుతున్నావంటారు. ఇంటి గుట్టు అనుకున్నంతకాలం పెద్ద షేకు పళ్ళెంలోంచి చిన్న షేకు ఏరుకోవాల్సిందే.

సీటు రానివాడి బాధ అబద్ధమని కూడా అనను. వజ్రపుకొత్తూరు దగ్గర చిన్న రైతు కొడుకొకడు, ఓపెన్ కేటగిరీవాడు, నాలుగు మార్కుల్లో పోయాడు. వాడి నాన్నకీ రెండెకరాల జీడితోటే ఉండేది, తిత్లీ తీసుకుపోయింది. వాడు మా పిల్లని చూసి ముఖం తిప్పుకుంటే నేను తప్పుపట్టను. కానీ వాడి సీటు ఎటుపోయిందని వాడు వెతుకుతున్న వైపు మాత్రం సరైంది కాదు. 2023లో కొత్తగా తెరిచిన ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోనే సగం సీట్లు అమ్మకానికి పెట్టారు, ఏటా 12 లక్షలు, ఎన్నారై కోటాకి 20 లక్షలు. నాలుగు శాతం సాయిబు వైపు చూసే కళ్ళు ఆ సగం వైపు ఎందుకు చూడవు? కొన్నవాడి దగ్గర సీటు చూస్తే మనకి సొత్తులా కనబడుతుంది. అడిగినవాడి దగ్గర చూస్తే భిక్షలా కనబడుతుంది.

మా దీన్‌లో దీనికో తేడా ఉంది. జకాత్ అంటే నూటికి రెండున్నర. ఏడాదిపాటు నిలవున్న సొమ్ములోంచి తియ్యాలి. ఆ రెండున్నర నీది కాదని, అది పేదవాడిదేనని, నువ్వు దాన్ని అప్పజెబుతున్నావంతేనని ఆలిమ్‌లు చెబుతారు. తీసుకున్నవాడు ఇచ్చినవాడికి సలాము కొట్టనక్కర్లేదు. అది హఖ్. ఖైరాతు వేరు, అది ఇచ్చేవాడి దయ. రాజ్యాంగం రాసినవాళ్ళు జకాత్ గురించి ఆలోచించి ఉండరు గానీ, రిజర్వేషను ఈ రెంటిలో దేనికి దగ్గరో చెప్పడం కష్టం కాదు.

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. హక్కు అని చెప్పేసి ఊరుకుంటే అందరూ చప్పట్లు కొడతారు. కానీ మొన్న జుమ్మా తర్వాత మసీదు దగ్గర పెద్దాయన ఒకరు మా పిల్ల గురించి బావతో ఇలా అన్నారు: “కౌమ్ కోటాలో సీటొస్తే కౌమ్‌కి రుణపడినట్టే బేటా. డాక్టరయ్యాక ఇక్కడే ఉండాలని ఇప్పుడే మాట తీసుకో. ఉద్దానంలో కిడ్నీలు పోయి మనుషులు చచ్చిపోతున్నారు.” బావ తలూపాడు. ఆయన మనసు మంచిది. ఆయన తమ్ముడే వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండొందల ర్యాంకువాణ్ణి ఎవరైనా ఇలా అడిగారా? వాడు హైదరాబాదులో స్థిరపడొచ్చు, డాలస్ పోవచ్చు, అది వాడి ప్రతిభ. మా పిల్ల మాత్రం సీటు రాకముందే మాటివ్వాలి. టీకొట్టువాడు ఖైరాతన్నాడు, మన పెద్దాయన అప్పన్నాడు. రెండిట్లోనూ సీటు ఆ పిల్లది కాదు.

అప్పయితే అందరికీ అప్పే. ప్రభుత్వ కాలేజీలో ఏ ర్యాంకువాడి చదువైనా నడిచేది జనం పన్నుల మీదే. జీడి నూనెకి వేళ్ళు కాలిపోయిన ఆడమనిషి సబ్బు కొన్నా అందులో పన్నుంది.

పన్నులకన్నా పెద్ద ఫీజు ఒకటుంది. ఉద్దానం మనిషికి కిడ్నీ చెడితే ఎన్నో ఏళ్ళుగా విశాఖ కేజీహెచ్‌కి వెళ్ళేవాడు. అక్కడ మంచం చుట్టూ తెల్లకోట్ల కుర్రాళ్ళు నిలబడతారు. ప్రొఫెసరు అడుగుతాడు, వాళ్ళు ఆ మనిషి కాళ్ళ వాపు నొక్కి చూస్తారు, కనురెప్ప లాగి చూస్తారు, పొట్ట మీద వేళ్ళు ఆనించి చూస్తారు. ఒకరి తర్వాత ఒకరు. కవిటి మనిషి, సోంపేట మనిషి, మందస మనిషి ఏమీ అనకుండా పడుకుంటాడు. శ్రీకాకుళంలో 2008లో రిమ్స్ వచ్చేదాకా జిల్లాలో మెడికల్ కాలేజీయే లేదు. మా పిల్లలకి సీట్లు లేని కాలమంతా మా ఒళ్ళు పాఠాలుగా పనికొచ్చాయి. కిడ్నీ జబ్బంటే ఏమిటో ఉద్దానం ఒంటి మీద నేర్చుకున్న డాక్టర్లు ఇవాళ దేశదేశాల్లో ఉన్నారు. శ్రీలంకలో వరి రైతులకీ, నికరాగ్వాలో చెరుకు కూలీలకీ వస్తున్న ఇలాంటి కిడ్నీ జబ్బు మీద వైద్య పత్రికల్లో రాసినప్పుడల్లా ఉద్దానం పేరు రాస్తారు. కారణం మాత్రం ఇంకా ఒక్కటని తేలలేదు. నీళ్ళంటారు, ఎండలో పనంటారు, నొప్పి మాత్రలంటారు. ఉద్దానం మీద చాలా ఏళ్ళు పనిచేసిన నెఫ్రాలజిస్టు టి. రవిరాజుగారు ఆ హెల్త్ యూనివర్సిటీకే ఒకప్పుడు వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ఆయనలాంటివాళ్ళు ఉన్నారు. అందరూ ఆయనలాంటివాళ్ళు కారు.

కాబట్టి ఈ సీటుకి ఒక మాట వాడాలంటే నేను అమానత్ అంటాను. ఒకరి సొమ్ము ఇంకొకరి దగ్గర దాచి ఉంచడం. అమానత్‌ని సర్కారుకో కౌమ్‌కో తిరిగిచ్చెయ్యనక్కర్లేదు. అది ఎవరిదో వాళ్ళకి చేర్చాలి. సీటు మంచం మీద పడుకున్నవాడిది. ఎవరు ఏ గడిలోంచి వచ్చినా వాళ్ళ చేతిలో ఉన్నది ఆ మనిషి సొమ్మే. మొదటి ర్యాంకువాడి దగ్గరున్నా అంతే, పన్నెండు లక్షలు కట్టినవాడి దగ్గరున్నా అంతే. మా పిల్ల దగ్గర ఎక్కువేమీ లేదు, తక్కువేమీ లేదు. మాట తీసుకోవాలంటే అందరి దగ్గరా తీసుకోండి. అందరి దగ్గరా తీసుకునే రోజున మా పిల్ల దగ్గరా తీసుకోండి.

ఇంకా చెప్పాలంటే, పెద్దాయన లెక్కలో కాలం తప్పింది. పలాసలో 2023 డిసెంబరు 14న రెండొందల పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ మొదలయ్యాయి. అక్కడ కావాల్సింది కిడ్నీ డాక్టరు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎండీ మూడేళ్ళు, డీఎం నెఫ్రాలజీ మూడేళ్ళు. మధ్యలో ఇంకో రెండు ప్రవేశపరీక్షలు, ఇంకో రెండు లిస్టులు, ఇంకో రెండుసార్లు ఫోను చూసుకుంటూ కూచోవడం. పదకొండున్నరేళ్ళు దాటిపోతుంది. ఇవాళ డయాలసిస్ కుర్చీలో ఉన్నవాడు మా పిల్ల కోసం అంతకాలం ఆగలేడు. ఇప్పటికే డాక్టర్లయినవాళ్ళని రప్పించడం చేతకానివాళ్ళమంతా ఇంకా సీటు రాని పద్దెనిమిదేళ్ళ పిల్ల నెత్తిన ఉద్దానం మొత్తం పెడుతున్నాం.

కాలేజీల వరస పెట్టే రోజున నేను వాళ్ళింటికెళ్ళాను. పెద్దాయన మాట మీద బావ శ్రీకాకుళం ముందు పెట్టమన్నాడట. ఇంటికి దగ్గరని అక్క కూడా అదే అంది. పిల్ల ఫోనులో అన్నీ నొక్కేసి నాకు చూపించింది. మొదట విశాఖపట్నం, రెండోది కాకినాడ, మూడోది శ్రీకాకుళం. అలా ఎందుకు పెట్టావని అడిగాను.

“విశాఖలో హాస్టల్ బావుంటదట మామూ,” అంది.